ఒంటికి పోవాలె

ఈ పుస్తకానికి ఏదన్న రాయమని అడిగినప్పుడు, ఏం రాయాలె అని అవ్వను అడిగిన. "నీ నౌకరి గురించి రాయి. మీ నాయిన కూలికి పోయి నిన్ను ఎట్ల చదివిచ్చిండో రాయి" అన్నది. నేను ఒంటికి పోవుడు గురించి రాస్త అన్న. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వి నవ్వి ఆగి, "గది గూడ పుస్తకాల రాస్తరా బిడ్డా? రాస్తె రాయి, నా పేరు మాత్రం రాయకు" అన్నది. పేరు రాయను. కథ మాత్రం ఇద్దరిదీ.

మాది తుర్కపల్లి. సికింద్రాబాద్ జేబీఎస్‌లో బస్సెక్కి కరీంనగర్ తొవ్వల షామీర్‌పేట దాటితే మా ఊరొస్తది. ఇప్పుడు జీనోమ్ వ్యాలీ అంటే అందరికీ తెలుస్తది. 1999లో అది మొదలైంది. అద్దాల బిల్డింగులు వచ్చినయి, మందుల కంపెనీలు, టీకాల కంపెనీలు వచ్చినయి. 2021లో దేశమంత వేసుకున్న కోవాగ్జిన్ ఈ గాలిలో తయారైందే. నా చిన్నప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్ష తోటలుండేవి. అవ్వ ఆ తోటల్లో కూలికి పోయేది. గుత్తులు కోసుడు, గంపలు మోసుడు, కలుపు తీసుడు. పొద్దుగాల ఏడింటికి పోతే పొద్దుగూకినంక ఇంటికి. ఆ తోటల్లో ఆడోళ్లు ఒంటికి పోవడానికి చాటు లేదు. పందిరి కింద కూసుంటే అటునుంచి ఇటు మొత్తం కనబడుతది. కట్ట మీద మేస్త్రి నిలబడి ఉంటడు. పక్క చెల్కలకు పోతే పటేలు "మా చేన్ల కూసుంటరా" అని కులం పేరు పెట్టి తిట్టేది. అందుకని అవ్వోళ్లు తోటకు పోయే ముందు చీకట్ల పోయేది, మళ్ల చీకటి పడ్డంక పోయేది. నడుమ పన్నెండు గంటలు. ఎండకాలం గొంతు పిడచ గట్టుకపోయినా నీళ్లు రెండు గుక్కలే. "నీళ్లు తాగితె పోవాలె గద బిడ్డా" అనేది. దూప ఆపుకునుడు, ఉచ్చ ఆపుకునుడు, రెండూ కలిపి ఒక్కటే పని లెక్క చేసేది. ఆ పనికి కూలి లేదు.

నేను ఆపుకునుడు బడిలో నేర్చుకున్న. హైస్కూల్ మా ఊరికి దూరం, దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. మూడువందల మంది పిల్లలం. రెండు లెట్రిన్లు. ఒకదానికి తలుపు లేదు, నీళ్లు లేవు, మగపిల్లలు దాని గోడల మీద ఆడపిల్లల పేర్లు రాసేది. ఇంకోదానికి తాళం. అది సార్లకు. తాళంచెవి ఆఫీసు రూంలో మొలకు వేలాడేది. ఆ చెవి మేం కూడ పట్టుకున్నం. వారానికి ఒక్కసారి, శనివారం నాడు. మాదిగ వాడ నుంచి వచ్చేటోళ్లం నలుగురం ఆడపిల్లలముంటిమి. బోరింగు కాన్నుంచి బకిట్లతో నీళ్లు మోసి సార్ల లెట్రిన్ కడగాలె. కులం పేరెత్తి ఎవ్వరూ చెప్పలే. "మీరైతే మంచిగ కడుగుతరు, మీకు అలవాటే గద" అన్నడు సారు. కడిగినంక తాళమేసి చెవి తెచ్చి మొలకు పెట్టాలె. మేము కడిగిన లెట్రిన్‌లో మేము కూసోవద్దు. నేను ఒక్కసారి కూసున్న. ఏడో తరగతిలో. బయట కాపలా నిలబడ్డ నా దోస్తు వణికింది. ఆ దోస్తు పెద్దమనిషి అయినంక బడి మానేసింది. వాళ్ల అవ్వ "బడిల బట్ట మార్చుకునే జాగ లేదు, ఏం జేస్తం" అన్నది. లెక్కల్లో నాకంటే ముందుండేది ఆ పిల్ల.

నేను మానెయ్యలే. ఆపుకున్న. పొద్దున నీళ్లు తాగకుండ పోయేది, నాలుగున్నరకు బెల్లు కొడితే ఇంటి దాక ఉరికేది. ఇంటర్‌లో, డిగ్రీలో కూడ అంతే. బస్సులో గంట, కాలేజీలో ఆరు గంటలు, మళ్ల బస్సులో గంట. మా ఇంట్ల డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. బీఈడీ చేసి, 2017లో పడ్డ నోటిఫికేషన్‌కు టీఆర్టీ రాసి, 2019లో లెక్కల టీచర్‌గ సర్కారు బడిలో చేరిన. నాయిన సంబురపడి వాడంత చాయ్ పోయించిండు. టీచరమ్మనైన గదా, ఇగ ఆ తాళంచెవి నాకు కూడ దొరుకుతదనుకున్న. నా బడిలో కూడ ఒక లెట్రిన్‌కు తాళముంది. ఈసారి చెవి నా చేతికొచ్చింది. కాని అప్పటికి నా ఒళ్లు చెడిపోయింది.

మొదలు నాకు తెలువలే. ముప్పై రెండేండ్లప్పుడు అనుకుంట. ఒంటికి పోయి వచ్చిన అర్ధగంటకే మళ్ల పోవాలనిపించేది. అనిపించుడు అంటే మామూలుగ కాదు, ఉన్నట్టుండి ఎవరో పొత్తికడుపు పిడికిట్ల పట్టి పిండినట్టు. పోతే నాలుగు చుక్కలు. రాత్రి మూడుసార్లు లేసేది. మా ఆయన "నిద్ర పోనీయవా" అని విసుక్కునేది. క్లాసులో బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ చాక్‌పీసు పెట్టి ఉరికేది. బస్సెక్కాలంటే భయం. ఏ ఊరికి పోయినా ముందు జాగ చూసుకునేది. జాగ కనబడితే అక్కర ఉన్నా లేకున్నా ముందుజాగ్రత్తకని పోయేది. ఇంట్ల ఎవరికీ చెప్పలే. ఏమని చెప్పాలె? చిన్నపిల్లలకైతే చెప్పుకుంటం. ముప్పై దాటిన టీచర్ చీర తడుపుకుంటుందని ఎవరికి చెప్పుకుంటం?

2023 నవంబర్ 30న అసెంబ్లీ ఎలక్షన్. నాకు పోలింగ్ డ్యూటీ పడ్డది. ముందురోజే సామాను తీసుకొని పోలింగ్ స్టేషన్‌కు చేరాలె, రాత్రి అక్కడే పండాలె. అదీ ఒక బడే. లెట్రిన్ ఉన్నది, నీళ్లు లేవు, లోపల గొళ్లెం లేదు. టీంలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. మధ్యాహ్నం నుంచి నీళ్లు ముట్టలే. తెల్లారి అయిదున్నరకు మాక్ పోలింగ్. ఏజెంట్లు వచ్చి కూసున్నరు. బయట ఎవరో డ్రమ్ములకెళ్లి బకిట్ల నీళ్లు పోసిండ్రు. ఆ చప్పుడు చెవిన పడ్డది, అంతే. ఆగలే. కుర్చీలో కూసున్నదాన్ని కూసున్నట్టే ఉన్న. వెంటనే బల్ల మీది నీళ్ల సీసా అందుకొని ఒళ్లో ఒంపుకున్న. "అయ్యో టీచర్, నీళ్లు ఒలికినయా" అన్నడు పక్క సారు. "ఒలికినయి సార్" అన్న. ఆ తడి చీరతోనే సాయంత్రం దాక వేళ్లకు సిరా పెట్టిన. ఓటేసిపోయే మా అవ్వ ఈడు ముసలమ్మలు దండం పెట్టి పోతుంటే నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

అప్పుడు దవాఖానకు పోవాలనుకున్న. అంతకుముందు పోలేదని కాదు. మూడుసార్లు ఆర్‌ఎంపీ దగ్గరికి పోయిన. మూడుసార్లూ "ఉచ్చల ఇన్‌ఫెక్షన్" అని గోలీలు రాసిచ్చిండు, పరీక్ష రాయలే. అత్తమ్మ "ఉడుకు చేసింది, సబ్జ గింజలు తాగు" అన్నది. తాగిన. ఈసారి ఒక సర్కారు దవాఖానలో డాక్టరమ్మ దొరికింది. బయట యాభై మంది ఉన్నా నన్ను కూసోబెట్టి మాట్లాడింది. ముందు ఉచ్చ పరీక్ష, షుగర్ పరీక్ష చేయించింది. ఒంటికి పోయి వచ్చినంక సంచిలో ఎంత మిగిలిందో స్కాన్‌లో చూసింది. ఇన్‌ఫెక్షన్ లేదు, షుగర్ లేదు, రాళ్లు లేవు. "దీన్ని ఓవర్ యాక్టివ్ బ్లాడర్ అంటరు టీచరమ్మా. అతిగా తొందరపడే మూత్రసంచి. నీ ఒక్కదానికే ఉన్నదనుకోకు. ఈ బయట కూసున్నోళ్లల్ల ఎంతమందికో ఉన్నది, చెప్పరు" అన్నది.

ఆమె నాకు చెప్పింది నేను మీకు పాఠం చెప్పినట్టు చెప్తున్న, ఎందుకంటే మనలో ఎవ్వరికీ ఎవ్వరూ చెప్పలే. మూత్రసంచి కండతో చేసిన సంచి. పెద్దమనిషికి మూడువందల నుంచి ఐదువందల మిల్లీలీటర్ల దాక పడుతది. సగం నిండంగనే మెదడుకు కబురు పోతది. "ఇంక ఆగు, జాగ చూసుకున్నంక చెప్త" అని మెదడు జవాబు పంపుతది. అప్పటిదాక సంచి కండ వదులుగ ఉండాలె. ఈ జబ్బులో సంచి నిండకముందే ఆ కండ తనంతట తాను బిగుసుకుంటది. అందుకే ఆ తొందర. పొద్దంత ఎనిమిదిసార్ల కంటే ఎక్కువ పోవుడు, రాత్రి నిద్రల లేసుడు, కొందరికి జాగకు చేరకముందే పడిపోవుడు. నీళ్ల చప్పుడు విన్నా, ఇంటి తాళంల చెవి పెట్టినా తొందర పుడుతదట, చానామందికి ఉంటదట. తాళం అనంగనే నాకు హైస్కూల్ ఆఫీసు రూంలో మొల యాదికొచ్చింది.

"ఎందుకొచ్చింది మేడం" అని అడిగిన. కొందరికి షుగర్ వల్ల, కొందరికి పక్షవాతం, వణుకుడు జబ్బు, వెన్నుపాము దెబ్బల వల్ల నరాల కబురు తప్పిపోతది. బహిష్టు ఆగిపోయినోళ్లకు, కాన్పులకు అడుగు కండలు వదులైనోళ్లకు వస్తది. మగోళ్లకు ప్రోస్టేట్ గ్రంథి పెరిగితే వస్తది. మలబద్ధకం, చాయ్, కాఫీ దాన్ని ఎగదోస్తయి. చానామందికి ఇదీ కారణమని తేలదు. "ఆపుకున్నందుకే వచ్చిందా" అని సూటిగ అడిగిన. డాక్టరమ్మ అబద్ధమాడలే. "ఆపుకునుడు ఒక్కదానికే వచ్చిందని నేను రాసియ్యలేను. కాని నీళ్లు తాగకుంటె మూత్రం చిక్కబడి సంచిని గీకుతది, ఇన్‌ఫెక్షన్లు వస్తయి, మలబద్ధకమైతది. దొరికినప్పుడల్ల ముందుజాగ్రత్తకని పోతే సంచి కొంచానికే కబురు పంపుడు నేర్చుకుంటది. నువ్వు ఇరవై ఏండ్లు ఈ రెండూ చేసినవు. సంచికి ఏం నేర్పినవో అది నేర్చుకున్నది" అన్నది.

నేను నేర్పలే మేడం, నాకు నేర్పిండ్రు అనుకున్న లోపల.

మందు కంటె ముందు నోటుబుక్కు ఇచ్చింది. మూడు రోజులు ఎప్పుడు ఎన్ని నీళ్లు తాగిన, ఎప్పుడు పోయిన, ఎంత పోయిన, ఎప్పుడు ఆగలేదు, అన్నీ రాయాలె. కొలిచే గిన్నె పెట్టుకున్న. లెక్కల టీచర్‌ను గదా, రాసినంక నాకే అర్థమైంది. పొద్దంత తాగింది రెండు గ్లాసుల నీళ్లు, నాలుగు చాయ్‌లు. పోయింది పదహారుసార్లు. చాయ్ రెండుకు దించమన్నది. నీళ్లు మాత్రం తగ్గించొద్దన్నది. రోజుకు లీటరున్నర, కొంచెం కొంచెంగ, పండుకునే రెండు గంటల ముందు ఆపాలె. ఇగ సంచికి తర్ఫీదు. గంటకొక్కసారి గడియారం చూసి పోవాలె, తొందరైనందుకు కాదు. వారం అయినంక గంటంబావు. ఆపై గంటన్నర. అట్ల మూడు గంటల దాక. నడుమ తొందర పుడితే ఉరకొద్దు. నిలబడ్డకాడ నిలబడి, అపానవాయువు ఆపుకున్నట్టు అడుగు కండను టకటక ఐదారుసార్లు బిగించి వదలాలె, మనసు ఇంకోదాని మీద పెట్టాలె. నేను పదిహేడో ఎక్కం కింది నుంచి మీదికి చదువుకునేది. ఆ కండకు వేరే కసరతు కూడ ఉన్నది, 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టర్ రాసిండు. ఐదు లెక్కపెట్టేదాక బిగబట్టుడు, వదులుడు, పదిసార్లు, రోజుకు మూడు పూటలు. పైస ఖర్చు లేదు. బోర్డు ముందల నిలబడి చేసినా ఎవ్వరికీ తెలువదు.

ఆరు వారాలకు సగం తగ్గింది. మిగిలినదానికి గోలీ రాసింది, సాలిఫెనాసిన్. ఆ కండ బిగుసుకునుడు తగ్గిస్తది. నోరెండింది, మలబద్ధకమైంది, అయినా తట్టుకున్న. ఇటువంటివే టోల్టెరోడిన్, ఆక్సిబ్యుటినిన్. ముసలోళ్లకు ఇవి మతిమరుపు తెస్తయని చూసి ఇస్తరు. మిరాబెగ్రాన్ అని ఇంకో తీరుది ఉన్నది, బీపీ చూసుకుంట వాడాలె. వీటితో కాకపోతే సంచి గోడకు బోటాక్స్ సూదులు, నరానికి కరెంటు ఇచ్చే చికిత్స ఉన్నయి. ఉచ్చల రక్తం పడ్డా, జ్వరం, మంట ఉన్నా, పూర్తిగ పోకపోయినా అది వేరే సంగతి, వెంటనే పోవాలె. నేను మూడు నెలలు గోలీ వేసుకొని, డాక్టరమ్మ చెప్పినంక ఆపిన. ఇప్పుడు రోజుకు ఏడెనిమిదిసార్లు. రాత్రి ఒక్కసారి. బస్సెక్కుత.

జబ్బు తగ్గింది గదా, ఇంకేమున్నది అంటరేమో. తర్ఫీదు నోటుబుక్కులో "మూడు గంటలకొక్కసారి పోవాలె" అని ఉన్నది. మూడు గంటలకొక్కసారి పోవడానికి జాగ ఉండాలె గదా. నాకు చెవి ఉన్నది. మా బడిలో ఆడపిల్లలకు? ఉన్న ఒక్క మంచి లెట్రిన్‌కు తాళమేసి "పిల్లలు పాడు చేస్తరు" అంటున్నరు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ నుంచి నడుస్తున్నది, అందులో వేరువేరు మరుగుదొడ్లు ఉండాలని రాసి ఉన్నది. 2012 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో అన్ని బడుల్లో కట్టాలని చెప్పింది. కట్టుడు వేరు, తాళం తీసుడు వేరు. స్టాఫ్ మీటింగులో అడిగిన. "తాళం తీస్తే కడిగేదెవరు టీచర్" అన్నరు. ఒకాయన మెల్లగ అన్నడు, "ఎస్సీ పిల్లలకు చెప్తే..." మాట పూర్తి కానియ్యలే. నా శనివారాలన్నీ ఆ రూంలో చెప్పిన. మొదటిసారి నౌకరిలో గొంతు పెంచిన. ఎవ్వరూ నా మొఖం చూడలే.

తాళం తీసిండ్రు. బడి పైసలతో కడగడానికి ఒకామెను పెట్టిండ్రు. ఆమె కూడ మా కులమామెనే. ఇది దాచిపెట్టి నేను గెలిచిన అని రాయలేను. మనుషులతో పాకీ పని చేయించొద్దని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చినయి. కోలార్ బంగారు గనుల కాడి మన తెలుగు సఫాయి కుటుంబంల పుట్టిన బెజవాడ విల్సన్ దాని కోసమే బతుకంత తిరుగుతున్నడు, 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. అయినా ఏ లెట్రిన్ కట్టినా చీపురు మన చేతికే వస్తది. నేను చేసింది ఇంతే, ఆమెకు చేతి తొడుగులు, సబ్బు, నెల నెలా కూలి ఆగకుండ చూసుడు. పిల్లలందరితో, ఏ కులమోళ్లతోనైనా, పోయినంక నీళ్లు పోయించుడు. నా క్లాసులో ఒంటికి పోవడానికి వేలెత్తి పర్మిషన్ అడగొద్దని చెప్పిన. లేచి పోయి రావాలె. మొదటి వారం సగం క్లాసు బయటనే ఉన్నది. తర్వాత మామూలైంది.

చివరికి మన సంఘాలోళ్లకు ఒక మాట. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చెరువు నీళ్లు తాగిండు. ప్యూను రాకపోతే బడిలో గుక్కెడు నీళ్లు దొరకని పిల్లవాడు పెద్దగై చేసిన పని అది. నీళ్లు తాగే హక్కు గురించి మనం ప్రతి ఏప్రిల్ 14న మాట్లాడుకుంటం. తాగిన నీళ్లు బయటికి పోయే హక్కు గురించి మాట్లాడమా? నేను ఎన్ని సభలకు పోయిన! టెంటు వేస్తరు, మైకు పెడతరు, పులిహోర పొట్లాలు పంచుతరు. ఆడోళ్లు ఒంటికి ఎక్కడికి పోవాలె అని ఒక్క అన్న అడగలే. సాయంత్రం దాక గొంతెండబెట్టుకొని నినాదాలిచ్చి ఇండ్లకు పోయినం. మన సభలో కూడ మేము ఆపుకున్నం అన్నా. కరపత్రం మీద వక్తల పేర్లు రాసేముందు ఈ ఏర్పాటు రాయుండ్రి.

అవ్వ సంగతి చెప్పి ముగిస్త. నాకు తగ్గినంక అవ్వను అడిగిన. ముందు "నాకేం లేదు" అన్నది. తర్వాత చెప్పింది. దగ్గినా తుమ్మినా పడుతదట. గర్భసంచి జారినట్టు ఉంటదట. నా కాన్పైన పదకొండో నాడు తోటల గంప మోసిందట. పదిహేనేండ్లుగ చీర కింద పాత బట్ట పెట్టుకుంటుంది, నేను బహిష్టు అయినప్పుడు నాకు చింపిచ్చినసొంటి బట్ట. ఆడోళ్లకు గర్భసంచి ఆపరేషన్లు దేశంల ఎక్కువైన రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలు ముందున్నయని సర్కారు సర్వేలే చెప్పినయి. అవ్వ వయసోళ్లల్ల వాడల చానామందికి అయినయి. అవ్వ "కోసి తీసేస్తరు" అన్న భయానికే పదిహేనేండ్లు నోరు మూసుకున్నది. అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకపోయిన. కోత అక్కర్లేదు, ముందు కసరతు చేసి చూద్దామన్నది. నోటుబుక్కు ఇచ్చింది.

అవ్వకు రాయరాదు. ఇంటికొచ్చి పొయ్యిల బొగ్గు తీసి వంటింటి గోడ మీద గీతలు గీస్తున్నది. ఆపుకోగలిగితే నిలువు గీత, పడిపోతే అడ్డ గీత. ఆదివారం నేను పోయి ఆ గీతలను నోటుబుక్కులకు ఎక్కిస్త. పోయినవారం అడ్డ గీతలు పందొమ్మిది. ఈ వారం పదమూడు.